ఆరో పాఠంలో ఎర్ర గుర్తు

పోయిన మంగళవారం సాయంత్రం నా భార్య చనిపోయింది. ఆ పొద్దున్న ఆసుపత్రిలో ఒక ఇడ్లీ తిని, రెండోది నాకిచ్చింది. లాప్‌టాప్ అడిగితే నర్సు ఒప్పుకోలేదు. అప్పుడు నాతో అంది: "ఏటండీ, ఆరో పాఠంలో పటం తప్పేశాను. మనిషి నిల్చున్న చోటే ఎర్ర గుర్తు పెట్టాను. బ్యాచ్‌కి చెప్పాలి." మధ్యాహ్నం నిద్రపోయింది. సాయంత్రం గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పారు.

యుద్ధం ముగిసిన దేశాల్లో మందుపాతరలు భూమిలోనే మిగిలిపోతాయి. వాటిని తీసేవాళ్ళు ఎక్కడ వెతికారో, ఎక్కడ దొరికాయో, ఇంకా ఎక్కడ వెతకాలో కంప్యూటరులో నమోదు చేయాలి. అది సిబ్బందికి నేర్పడం ఆమె పని. మొదట ఆఫ్రికా వెళ్ళి నేర్పేది. ఆరోగ్యం పాడయ్యాక స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్‌లో, సెక్టర్ 4లో మా ఇంటి వెనక గదిలోంచే ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పింది.

దగ్గర్లోని ఖుర్సీపార్ బస్తీలో ఉండే మా వదిన ఒకసారి అడిగింది: "బాంబులు నువ్వే తీస్తావేటే?"

"నేనెందుకు తీస్తానక్కా? తీసినోళ్ళకి రాయడం నేర్పుతాను."

"రాయడానికి విమానం ఎక్కి పోవాలేటి?"

"రాయకపోతే తీసేసిన చోటే మళ్ళీ తవ్వుతారు. తియ్యని చోటికి పశువుల్ని తోల్తారు."

వదిన ఆ తర్వాత బస్తీలో అందరికీ "మా తోటికోడలు బాంబుల మేడమ్" అని చెప్పుకునేది.

ఇంట్లోనూ ఆమె అంతే. తాళంచెవి ఎక్కడా లేదంటే, "వెతికిన చోట్లు చెప్పండి" అనేది. చెబుతుండగానే వెతకని చోటు గుర్తొచ్చేది.

మందుపాతర దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు. దూరంగా నిలబడి, దిక్కూ దూరమూ చూసి దాని చోటు లెక్కగట్టాలి. కొత్తవాళ్ళు కంగారులో తాము నిలబడ్డ చోటునే ప్రమాదమని ఎర్ర గుర్తు పెట్టేస్తారు. నడిచొచ్చిన మంచి దారి మూతపడుతుంది. అసలు ప్రమాదమున్న చేను తెరిచే ఉంటుంది. ఒక ఆదివారం మా సెక్టర్ మైదానంలో మందుపాతరకి బదులు ఇటుక పెట్టి నాకు పరీక్ష పెట్టింది. నేనూ అదే తప్పు చేశాను.

"ప్లాంటులో అందరి డ్రాయింగులూ దిద్దీవోరు. ఇదేటండీ మరి?" అని నవ్వింది. సరిగ్గా వచ్చేదాకా ఇంటికి రానివ్వలేదు.

చివరికి జ్వరంతో పాఠం తయారుచేస్తూ ఆమే ఆ తప్పు చేసింది. ఆ బ్యాచ్ వచ్చేవారం పొలాల్లోకి వెళ్తోంది.

శిక్షణ నడిపే సంస్థ నుంచి ఒకతను ఫోన్ చేశాడు. సంగతి చెప్పాను. "భాయీసాబ్, ఫైలు మేం మార్చేస్తాం. మేడమ్ తప్పు చేశారని ఎవరికీ తెలియక్కర్లేదు," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఒక పూట ఆ మాట నాకూ నచ్చింది. కానీ ఆ పటం చూసి వాళ్ళు ఇప్పటికే సాధన చేసేశారు. ఫైలు మారినా చేతికి అలవాటైనది మారదు. పైగా ఆమె ప్రతి బ్యాచ్‌కీ చెప్పేది: "పాత గుర్తు చెరపొద్దు. ఎవరు పెట్టారో, ఎవరు దిద్దారో, ఎందుకో కనబడాలి."

అతనికి తిరిగి ఫోన్ చేసి, తరగతిలో కొంచెం సమయం అడిగాను. ఇచ్చాడు.

రేపు పొద్దున్న వెనక గదిలో కూర్చుని, ముందు ఆమె వేసిన పటాన్ని ఆమె పేరుతోనే వాళ్ళకి చూపిస్తాను. తప్పెక్కడుందో చెబుతాను. తర్వాత సరైన చోట గుర్తు పెట్టి, దాని కింద నా పేరు రాస్తాను.