సున్నాను దిద్దిన లెక్కల టీచరమ్మ

పిల్లలూ, జెర చెప్పుండ్రి: లెక్క ఎక్కడ మొదలైతది? ఒకటి దగ్గరనా? నేను కూడా మొన్నటిదాకా గట్లనే అనుకున్న. అందుకే పటాన్‌చెరు బడిల అంతమంది ముందు నా పరువు పోయింది!

మా వసంత తెలుసు కదా. పాశమైలారం బడిల నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్. సెలవు దొరికితే చాలు, బడి బడి తిరిగి ఆడపిల్లలను లెక్కల దిక్కు గుంజుకొస్తది. మొన్న పటాన్‌చెరు బడికి పిల్లల తల్లిదండ్రులను పిలిపించింది, నన్ను కూడా. వాళ్ళు సంతకం పెడితేనే పిల్లలు ఆమె శనివారం క్లాసుకు పోతరు.

"టీచరమ్మా, ఈ అట్టలు జెర పిల్లల మెడల వెయ్యండి" అని నా చేతిల పెట్టి, మైకు చూడనీకి పోయింది.

ఎనిమిది అట్టలు. చూస్తే సున్నా నుంచి ఏడు దాకా ఉన్నయి! పాపం, తొందరల తప్పు రాసింది అనుకున్న. నా సంచిల ఎర్ర స్కెచ్‌పెన్ ఎప్పుడూ ఉంటది. అన్నీ కొట్టేసి, ఒకటి నుంచి ఎనిమిది దాకా ముద్దుగా రాసి, పిల్లల మెడల వేసిన.

వసంత ముగ్గురు పిల్లలకు టార్చిలైట్లిచ్చింది. "ఈ మూడు లైట్లు వెలిగించి, ఆర్పి, ఏ అట్ట మీది అంకెనైనా చూపిస్తం. కంప్యూటర్ లెక్క గింతే!" పిల్లలు ఒక్కొక్కరే అంకె అరుస్తున్నరు. ఒకటికి ఒక లైటు. రెండుకు ఇంకో లైటు. మూడుకు ఆ రెండూ. నాలుగుకు మూడో లైటు. గట్ల గట్ల ఏడుకు మూడూ వెలిగినయి. చివరికి ఆఖరి అట్ట వేసుకున్న రజియా అరిచింది: "ఎనిమిది!"

ఇగ లైట్లేవి?

రజియా నాయన ఖాదర్ భాయ్ పకపకా నవ్విండు. "క్యా మేడం! ఎనిమిది దాకనే రాకపాయె, మా బిడ్డకేం నేర్పుతరు?"

వసంత మొఖం పాలిపోయింది. నేను మెల్లగ చెయ్యి లేపిన, హోంవర్క్ తేని పిల్లలెక్క. "నేనే... దిద్దిన."

అందరూ నవ్విండ్రు, రజియా తప్ప. "మేడం, అందరం ఒక్కొక్కటి తీసేద్దాం! అప్పుడు నేను ఏడు. ఒకటి అట్ట వేసుకున్న పిల్ల సున్నా. లైట్లన్నీ ఆర్పితే సున్నా!"

ఖాదర్ భాయ్ నవ్వు ఆగింది. జేబుల నుంచి పెన్ను తీసిండు. "కాయితం ఇటియ్యండి. సంతకం పెడ్త."

పోయేటప్పుడు వసంత అన్నది: "టీచరమ్మా, శనివారం మీరు కూడా రండి."

"పాఠం చెప్పనీకా?"

"కాదు, తప్పు చెయ్యనీకి. మీ తప్పుతోనే పిల్ల లెక్క చేసింది! ఎర్ర పెన్ను మాత్రం ఇంట్లనే పెట్టి రండి."

ఆఁ, కుక్కర్ విజిలొచ్చింది! ఇగ లేస్త, పప్పు నాలుగు విజిళ్లకు దించాలె. ఇది ఒకటోదా, సున్నానా... మాడితే మీ అమ్మకు చెప్పకుండ్రి!