పిక్క మీద ఎర్రచుక్కలు

ఆటోనగర్‌లో మా క్రికెట్ జట్టు కీపరన్నకి ప్లేట్‌లెట్లు తక్కువ. దెబ్బ తగిలితే రక్తం ఓ పట్టాన ఆగదు. అందుకే ప్రతి మ్యాచ్‌కీ ముందు, డాక్టరు నేర్పినట్టు, పిక్కల మీది ఎర్రచుక్కల్ని బొటనవేలితో నొక్కేవాడు. మాయమైతే దోమకాట్లు. మాయం కాకపోతే చర్మం కింద రక్తం చిమ్మినట్టే; ఆ రోజు అంపైరింగ్, మర్నాడు రక్తపరీక్ష.

ఫైనల్ రోజు ఆయనతో కలిపి సరిగ్గా పదకొండుమందిమి.

“దోమలే అన్నా, ఆడెయ్,” అన్నాను చూడకుండానే.

“అయితే నువ్వే నొక్కి చెప్పరా,” అని కాలు చాపాడు.

నొక్కాను. చుక్కలు చెరగలేదు. బంతి తలకి తగిలి లోపల రక్తం కారితే? మళ్లీ నొక్కాను.

“వద్దన్నా.”

లేచి అంపైరింగ్‌కి వెళ్లాడు. నేనాడిన మొదటి బంతికే నన్ను ఎల్బీడబ్ల్యూ అవుట్ ఇచ్చాడు. అప్పీలు చేసినవాడు ఒక్కడూ లేడు.