జామకాయ ముక్కలు

సాలూరు నుంచి విజయనగరం వెళ్లే బస్సులో నా పక్కన ఒకావిడ, ఆమె ఒళ్లో ఆరేళ్ల కూతురు కూర్చున్నారు. పిల్ల పెదవులు పాలిపోయి ఉన్నాయి. ఆసుపత్రికి వెళ్తున్నామని తల్లే చెప్పింది.

"ఒంట్లో రగతం నేదంట మేడం. పళ్లు, ఆకుకూరలు పెట్టమన్నారు. ఇదేమో సిప్సు తప్ప ఏటీ ముట్టదు."

"అవి కొనడం మానేస్తే?" అన్నాను.

ఆమె నవ్వలేక నవ్వింది. "కొనడమేటి మేడం, మాది కిరాణా కొట్టు. ఇంటి ముందు గదే కొట్టు. గుమ్మం నిండా ఆ పేకెట్లే ఏలాడతాయి. అవి అమ్మితేనే మాకు పూట గడుస్తాది."

సంచిలోంచి చిన్న డబ్బా తీసి, అందులోని జామకాయ ముక్క ఒకటి పిల్ల నోటికి అందించబోయింది.

"తినే తల్లీ. సిప్సు మంచివి కావని డాట్రుగారు సెప్పారు కదే."

"మంచివి కాకపోతే అందరికీ ఎందుకమ్ముతన్నావే అమ్మా?"

పిల్ల ముఖం పక్కకు తిప్పుకుని, అమాయకంగానే అడిగింది.  తల్లి, నేనేమైనా చెబుతానేమోనని నా వైపు చూసింది. 

ఆమె ఆ ముక్క తన నోట్లోనే వేసుకుని, "అబ్బ, ఎంత తీపిగున్నాదో!" అంది, పిల్లకు వినపడేలా. నాకూ ఒకటిచ్చింది. కొరికితే ఒట్టి వగరు.

"అవునండీ, చాలా తీపి" అన్నాను.

పిల్ల మా ఇద్దరి ముఖాలూ చూసి కిటికీ వైపు తిరిగిపోయింది. ఆ తల్లి మాత్రం ఆపలేదు. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఒక్కొక్క ముక్కే నములుతూ, బాగుంది, బాగుంది అంటూనే ఉంది.