డోరతీ గారి పక్కింటిదాన్ని

నిమ్మకాయ కోస్తే చాలు, ఆ వాసనకి గుండెల్లో కలుక్కుమంటుంది. నిన్న కూడా ఫ్రీమాంట్‌లోని మా వంటింట్లో ఊరగాయకని కొన్న కాయలు తరుగుతూ, మధ్యలో కత్తి పక్కన పెట్టి కూర్చుండిపోయాను. తొమ్మిదేళ్లపాటు నేను నిమ్మకాయ కొని ఎరుగను. పక్కింటి డోరతీ గారు చెక్క కంచె మీదుగా సంచీడు కాయలు అందించేవారు. ఆవిడ నల్లజాతి స్త్రీ, డెబ్బై దాటిన మనిషి. భూమి పత్రాల ఆఫీసులో ముప్పయ్యేళ్లు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. నా పేరు సుజాత. ఆవిడ నోట్లో సూజీ అయింది. రెండేళ్లు సరిదిద్ది, నా వల్ల కాదని వదిలేశాను.

ఇల్లు కొన్న మొదటి నెలలోనే, “సూజీ, పత్రాలు చదివావా?” అని అడిగారు. “అన్ని పేజీలు ఎవరు చదువుతారండీ! సంతకాలు పెట్టీ పెట్టీ వేళ్లు పడిపోయాయి” అన్నాను. “తీసుకురా” అన్నారు. కళ్లజోడు సవరించుకుని, పాత పత్రం నకలులో ఒక పేరా మీద వేలు పెట్టారు. పళ్లతోటలు కొట్టేసి ఈ కాలనీ కట్టిన రోజుల్లో రాసిందట. తెల్లవాళ్లు కానివారెవరూ ఈ ఇళ్లలో ఉండకూడదు, పనివాళ్లు మాత్రం ఉండవచ్చు అని. ఆ షరతు ఎప్పుడో చెల్లకుండా పోయిందని, కాగితాల్లోంచి మాత్రం పోలేదని చెప్పారు. “మా అమ్మ ఈ వీధిలోనే వంట చేసేది. వెనక గదిలో పడుకోవచ్చు, మమ్మల్ని మాత్రం తీసుకురాకూడదు. ఆ లెక్కన నువ్వూ వంటమనిషివే, హనీ!” అని పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మేము వీసా మీద ఉన్నాం. మా ఆయన రవి ఉద్యోగం ఊడితే అరవై రోజుల్లో పెట్టేబేడా సర్దుకోవాలి. అప్పట్లో ఆఫీసు నుంచి వేళకాని వేళ ఫోనొస్తే స్టవ్ ఆపేసి రవి మొహం చూసేదాన్ని.

ఆ భయంతోనే ఏళ్లు గడిచాయి. ఒకరోజు వీధి చివర ఖాళీ స్థలంలో తక్కువ అద్దె అపార్ట్‌మెంట్లు కడతామని బోర్డు వెలిసింది. మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు అట్టుడికిపోయింది. “స్కూల్ రేటింగ్ పడిపోతుందండీ.” “ఎలాంటివాళ్లొస్తారో ఏమో.” “సుజాత గారూ, మీ ఇంగ్లీష్ బాగుంటుంది, పిటిషన్ మీరే డ్రాఫ్ట్ చేయండి.” పొగిడితే పొంగిపోయే రకాన్ని. ‘ఈ కాలనీ స్వభావం మారిపోతుంది’ అని రాశాను. ఎంత చక్కటి వాక్యమో అని మురిసిపోయాను కూడా, నా తెలివి తగలెయ్య! ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాను. డోరతీ గారి తలుపు ఒక్కటే తట్టలేదు. ఎందుకు తట్టలేదో నన్ను నేను అడగలేదు.

పిటిషన్ మీద సిటీ కౌన్సిల్ విచారణ ఇంకో నాలుగు రోజులుందనగా ఆవిడే నన్ను పిలిచారు. కంప్యూటర్లో ఏదో దరఖాస్తు నింపాలట. చూద్దును కదా, ఆ అపార్ట్‌మెంట్లకు ముందుగా పేరు రాయించుకోవడానికే! మనవరాలు కేలా ఈ ఊరి ఆస్పత్రిలో ఆయాగా చేస్తుంది, రెండు గంటలు కారు నడుపుకుని వచ్చిపోతుంది. భర్త, ముగ్గురు పిల్లలు. ఈ రెండు గదుల ఇంట్లో పట్టరు. “ఒంటరిగా ఉండొద్దంటున్నాడు డాక్టరు. కేలా వీధి చివరికొస్తే నేను ఈ ఇల్లు వదలక్కర్లేదు, సూజీ” అన్నారు. కేలా పేరు టైపు చేశాను. పిటిషన్ సంగతి నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఇంటికొచ్చి రవితో అంటే తల పట్టుకున్నాడు. “ఇప్పుడు బ్యాక్ అవుట్ అయితే గ్రూప్‌లో మొహం ఎలా చూపిస్తావ్? మన సేవింగ్స్ మొత్తం ఈ ఇంట్లోనే ఉన్నాయి. ఆవిడ సిటిజన్. మనకే రేపటికి గ్యారంటీ లేదు కదా!” పిటిషన్ వెనక్కి తీసుకోలేదు.

విచారణ నాడు మావాళ్లంతా ముందు వరుసల్లో కూర్చున్నారు. డోరతీ గారు చేతికర్రతో వచ్చి వెనక కూర్చున్నారు. నేను తన కోసమే వచ్చాననుకుని చెయ్యి ఊపారు. నా పేరు పిలిచారు. మైకు దగ్గరకెళ్లి, రాసుకెళ్లింది చదవలేదు, కాదనీ అనలేదు. “నేను చెప్పాల్సింది పిటిషన్లో రాశాను” అని వచ్చేశాను. తరువాత ఆవిడ వంతు. బల్ల మీది పిటిషన్ నకలు తీసుకుని, నేను రాసిన ఆ వాక్యం ఒక్కటే పైకి చదివారు. “ఇలాంటి మాటలున్న పత్రాలు నేను ముప్పయ్యేళ్లు ఫైల్ చేశాను” అని మెల్లగా వెళ్లి కూర్చున్నారు.

అపార్ట్‌మెంట్లు రాలేదు. గ్రూపునిండా లడ్డూ బొమ్మలు. మర్నాడు కంచె దగ్గర, “క్షమించండి” అన్నాను. “భయపడ్డావు. నాకు తెలుసు” అన్నారు. క్షమించానని మాత్రం అనలేదు. ఆ చలికాలమూ కాయలు అందించారు. వసంతంలో ఆవిడ మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. ఇల్లమ్మి కేలా దగ్గరికి వెళ్లిపోయారు. ఏడాది తిరగకముందే పోయారని కేలా ఫోన్ చేసింది. నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. ఇప్పటికీ ఎవరైనా కాగితం చాచి సంతకం పెట్టమంటే, ఎవరి గుమ్మం ముయ్యడానికో అని నాకు దడ పుడుతుంది.

ఆ ఇల్లు ఎవరో కొని, బాగుచేసి అమ్మితే, చాండ్లర్ అనే ఊరి నుంచి వచ్చిన ఓ తెలుగు జంట కొనుక్కున్నారు. మొన్న ఆ అమ్మాయి గృహప్రవేశానికి పిలవడానికి వచ్చింది. బొట్టు పెట్టి, వెళ్లబోతూ ఆగింది.

“ఆంటీ, మాకంటే ముందు ఆ ఇంట్లో ఎవరుండేవారు? మనవాళ్లేనా?”

“మనవాళ్లేనమ్మా” అన్నాను.

“అవునా! ఏ ఊరు ఆంటీ వాళ్లది?”

“ఈ ఊరే” అన్నాను.