నాయిన తల ఊపిన సినిమా

మొన్న ఉప్పల్ మెట్రోలో పక్కసీటు పెద్దాయన ఫోన్‌లో ఒక పాత సినిమా చూస్తున్నాడు. తండ్రి మెప్పు కోసం అన్నదమ్ములు పోటీపడే కథ. చూడగానే నాకు నవ్వొచ్చింది.

నా ఎనిమిదో ఏట, నాచారంలో ఫ్యాక్టరీలో పనిచేసే నాయిన నన్నూ అన్ననూ ఆ సినిమాకే మ్యాట్నీకి తీసుకెళ్లాడు. చెమటా సమోసాల వాసనా కలిసిన ఆ హాల్లో మా ఇద్దరి మధ్య కూర్చున్నాడు. తెరమీద పెద్దకొడుకు మాట్లాడినప్పుడల్లా నాయిన తల ఊపుతున్నాడు. చిన్నకొడుకు వస్తే కదలడు. నాయినకు పెద్దకొడుకే ఇష్టమని నాకు అర్థమైపోయింది. అన్న నావైపు గర్వంగా చూశాడు.

మర్నాడు పొద్దున్నే లేచి నాయిన బూట్లు తళతళలాడేలా తుడిచాను. అన్న చేతిలోంచి లాక్కుని మరీ టిఫిన్ డబ్బా కడిగాను.

"ఏమైంది బిడ్డా, గిట్ల మీదవడి పనిజేస్తున్నవ్?" అన్నాడు నాయిన.

"సినిమాల పెద్దోనికే తల ఊపినవ్ గదా!" అని ఏడ్చేశాను.

నాయిన తెల్లబోయి, తర్వాత పడీపడీ నవ్వాడు. "నేనేడ సూసిన సినిమా! రాత్రంత డ్యూటీ జేసి అట్లనే సినిమాకచ్చిన బిడ్డా, కునికిపాట్లు వడ్డ."

అన్న ముఖం చిన్నబోయింది. నేను ఏడుపు ఆపి గంతులేశాను.

ఇప్పుడు పోచారంలో నేనూ నైట్ షిఫ్టులు చేస్తున్నాను. పొద్దున ఇంటికొచ్చి, నడుం వాల్చకుండా పిల్లలతో సినిమాకు బయల్దేరడమంటే ఏమిటో తెలిసింది. మా ఇద్దరిలో ఎవరెక్కువ ఇష్టమని నాయినను అడగాల్సిన పనే లేకపోయింది.