ఉప్పు ఎక్కిందా అని అడిగే పెదనాన్న

గోడౌన్ పెదనాన్న పోయాడని పోయిన ఆదివారం అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చర్చి నుంచి నడిచొచ్చి, వసారాలో కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు అడిగి, అవి వచ్చేలోగానే పోయాడట. ఎవరినీ ఎదురుచూడనివ్వడం ఆయనకు మొదటినుంచీ చేతకాదు. నేను జర్మనీలో ఉద్యోగంలో ఉన్నాను. మట్టి చేసే వేళకు అందుకోలేకపోయాను. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన మాకు రక్తసంబంధీకుడు కాదు. భద్రాచలంలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాడు, సర్కారు బియ్యం గోడౌన్‌కు ఇన్‌చార్జి. వానలు పడితే వాగులు పొంగి అడవిలోని గూడేలకు దారి తెగిపోతుంది. ఆలోగా వానాకాలానికి సరిపడా బియ్యం, పప్పు, ఉప్పు, కిరసనాయిలు చేర్చాలి. ముప్పై ఏళ్లకు పైగా ఆయన పని అదే. అన్నిటికంటే దూరంగా ఉన్న గూడేనికే మొదటి లారీ పంపేవాడు. దగ్గరి ఊళ్లవాళ్లు వచ్చి నోటికొచ్చినట్టు తిట్టేవారు. తలూపుతూ వినేవాడు. వాళ్లు వెళ్లాక నావైపు తిరిగి, "తిట్లు అరుగుతయ్ బిడ్డా, ఆకలి అరగదు" అనేవాడు.

బడి సెలవుల్లో అమ్మ పోరు పడలేక నేను గోడౌన్ అరుగు మీద చేరేదాన్ని. లోడింగ్ అయ్యాక ఆయన లారీ చుట్టూ ఒకసారి తిరిగి, అందిన ప్రతి బస్తానూ తట్టి, "ఉప్పు ఎక్కిందా?" అని అడిగేవాడు. కళ్లెదురుగా కనిపిస్తున్నా అడిగేవాడు. హమాలీలు ఆయన గొంతును అనుకరించి నవ్వుకునేవారు.

ఆ ప్రశ్న వెనుక కథ ఆయనే చెప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాగు అవతలి గూడేనికి అన్నీ పంపి ఉప్పు మరిచాడట. మర్నాడే వాగు వచ్చింది. నెలన్నర ఊరంతా చప్పిడి కూడు తిన్నది. వాగు నీళ్లు తగ్గిన రోజు ఆయనే ఉప్పు మూట నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్లాడు. ఒక ముసలావిడ ఆకులో అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. మూట పక్కనే ఉన్నా ఎవరూ విప్పలేదు, ఆయనా అడగలేదు. చివరి మెతుకు దాకా తిన్నాడు. "ఆమె తిట్టుంటే మర్చిపోదును" అనేవాడు.

నా ఇంటర్ అయిన ఏడు, మిషన్ దవాఖానాలోని జర్మన్ సిస్టర్ నాకు వాళ్ల దేశంలో లాజిస్టిక్స్ అనే డిగ్రీ ఉందని చెప్పింది. సరుకును ఎక్కడినుంచి ఎక్కడికి, ఎప్పుడు, ఎలా చేర్చాలో నేర్పే చదువు. భాష తనే నేర్పుతానంది. వాడంతా నవ్వింది. బస్సు కండక్టర్ అయిన మా నాన్నకు నన్ను నర్సును చేయాలని ఉండేది. లారీ ఎక్కించుడు దించుడు నేర్చుకోనీకి జర్మనీ పోవాల్నా అని కూర్చున్నాడు. పెదనాన్న వచ్చి ఒక్క మాటే అన్నాడు: "తమ్ముడూ, నేను ముప్పై ఏండ్లు తప్పులు చేసుకుంట నేర్చుకున్న. ఈ పిల్ల ముందే నేర్చుకుంటనంటున్నది. పోనీ."

మర్నాడు నాన్నే పాస్‌పోర్టు ఫారం తెచ్చాడు.

మన ఇంటర్‌ను చూసి అక్కడ నేరుగా చేర్చుకోరు. ముందు ఒక ఏడాది సన్నాహక చదువు చదివించి, పరీక్ష పెట్టి, అప్పుడు డిగ్రీలోకి తీసుకున్నారు. ప్రాక్టికల్స్‌కి గోదాముకు తీసుకెళ్తే నేనే రాణిని. కాగితం మీదికి వస్తే సున్నా. రవాణా ప్రణాళిక పేపర్ మొదటిసారి భాష రాక తప్పాను. రెండోసారి పొగరుతో తప్పాను, బట్టీ పట్టిన సూత్రాలన్నీ కుమ్మరించి వచ్చాను. మూడోసారి కూడా తప్పితే ఆ దేశంలో ఏ యూనివర్సిటీలోనూ ఆ కోర్సు చదవడానికి వీల్లేదు. పెట్టె సర్దుకుని భద్రాచలం బస్సు దిగాల్సిందే.

ఏడుస్తూ పెదనాన్నకు ఫోన్ చేశాను. ఆయన ఓదార్చలేదు. ఏం పంపమన్నారు, ఎక్కడికి పంపమన్నారు అని అడిగాడు. పరీక్షలో ఇచ్చిన ప్రశ్న చదివి తెలుగులో చెప్పాను. ఒక గోదాము, ఎనిమిది దుకాణాలు, మంచు పడితే మూసుకుపోయే కొండదారి. అన్నిటికీ కలిపి దగ్గరి దారి లెక్కగట్టానని గొప్పగా చెప్పాను.

"దగ్గరిదారి సంగతి తర్వాత. దారి ఎవరికి ముందు మూసుకుంటదో చూసినవా?"

చూడలేదు. ఒళ్లు మండింది. ప్రొఫెసర్ల సూత్రాలకు గోడౌన్ మాటలు చెబుతాడేమిటని ఫోన్ పెట్టేశాను. తర్వాత పుస్తకం తెరిస్తే, నేను రెండుసార్లు దాటేసిన అధ్యాయమంతా ఆయన అడిగిన మాటే. సిగ్గేసింది. మళ్లీ మొదటినుంచి చదివాను.

మూడో పరీక్ష నోటితో చెప్పేది. ఇద్దరు ప్రొఫెసర్లు కూర్చుని అలాంటి లెక్కే ఇచ్చారు. దారి ముందుగా మూసుకుపోయే దుకాణంతో మొదలుపెట్టాను. ఖర్చెక్కువ కదా అన్నారు. అవునన్నాను, ఆలస్యమైతే అసలు చేరనే చేరదన్నాను. ఆ తర్వాత నేనే ఎదురు ప్రశ్న వేశాను: ఈ సరుకుల్లో ఏ చిన్న వస్తువు లేకపోతే మిగతావన్నీ ఉండీ లేనట్టే? వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇది ఏ పుస్తకంలో ఉందని పెద్దాయన అడిగాడు. పుస్తకం కాదు, మా ఊరి గోడౌన్ అని ఉప్పు మరిచిన ఏడాది కథ చెప్పాను. నా జర్మన్ తడబడింది గానీ కథ తడబడలేదు. ఆయన భద్రాచలం స్పెల్లింగ్ అడిగి రాసుకున్నాడు. పాసయ్యాను, అదీ మంచి మార్కులతో.

అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అప్పటికి పెదనాన్న రిటైరై ఏడాది. ఎండాకాలం, గూడేలకు లోడింగ్ జరుగుతున్న రోజులు. సంగతి వినగానే తువ్వాలు భుజాన వేసుకుని గోడౌన్‌కు వెళ్లాడట. అరుగెక్కి అందరినీ ఆపి, "మన పనికి డిగ్రీ ఉందంట రా. మన పిల్ల పాసైంది" అన్నాడట.

కాసేపటికి అమ్మ మళ్లీ ఫోన్ చేసి, సెల్లు కిటికీ బయట పెట్టింది. యూనివర్సిటీ మెట్ల మీద నిలబడి విన్నాను. ఒక్కొక్క లారీ మా ఇంటి ముందుకు రాగానే పెద్దగా హారన్ కొట్టి, చర్ల రోడ్డున అడవి వైపు పోతోంది. గోడౌన్ నుంచి తిరిగొచ్చి, రోడ్డు వారన నిలబడి పెదనాన్న ఒక్కో బండికీ తువ్వాలు ఊపుతున్నాడని, వెనక ఇంకా బళ్లు వస్తున్నాయని అమ్మ చెబుతోంది.