మడుగు అడుగున ఇంటర్నెట్ కేబుల్

నేను పుట్టింది అడవుల మధ్య ఉన్న కిరందుల్ రైల్వే క్వార్టర్లలో. ఉద్యోగం మాత్రం సముద్రం ఒడ్డున దొరికింది. సముద్రం అడుగున వేసే ఇంటర్నెట్ కేబుళ్లు ఒడ్డుకు చేరేచోట తాబేళ్లు గుడ్లు పెడతాయా, జాలర్లు ఎక్కడ వలలు వేస్తారు అని అడిగి రాసుకుని, కేబుల్ వల్ల ఎంత నష్టమో తేల్చడం నా పని. నాలుగేళ్లు చేశాను. అందులో ఆరితేరానని కొంచెం పొగరు కూడా ఉండేది.

అందుకే రాష్ట్ర సరిహద్దు దగ్గర పామేడు వైపు అభయారణ్యంలో ఒక వాగు అడుగున కేబుల్ వేస్తున్నారని, తెలుగూ హిందీ వచ్చిన మనిషి కావాలని పిలిస్తే ఎగిరి గంతేశాను. నేను నింపాల్సిన ఫారం కూడా పాతదే. ‘సముద్రం’ ఉన్నచోట ‘వాగు’ అని మార్చారు, అంతే.

ఏప్రిల్‌లో వెళ్లాను. వాగు ఎండి ఇసుక తేలింది. కేబుల్ దాటాల్సిన చోట మాత్రం లోతైన మడుగు ఉంది. ఒడ్డున తునికాకు కట్టలు కడుతున్న పెద్దామెను అడిగాను.

“పెద్దమ్మా, ఇందులో చేపలు పడతారా?”

“పట్టం.”

“వల గానీ, గాలం గానీ?”

“ఏదీ వెయ్యం. కాలు గూడ పెట్టం.”

చేపల మీద ఆధారపడినవారు లేరని రాసి సంతకం పెట్టాను. ఎందుకు పట్టరని ఒక్క మాట అడిగితే నా సొమ్మేం పోయేది? అడగలేదు. ఎండ మండిపోతోంది, జీపు ఎదురుచూస్తోంది. పైగా తీరంలో చేపలున్నచోట వల వేయని మనిషిని నేను చూసి ఎరుగను. ఆ సంతకంతోనే పనికి అనుమతి వచ్చింది.

మే చివర్లో పని చూడడానికి మళ్లీ వెళ్లాను. మడుగు ఒడ్డున మోటార్లు దించుతున్నారు. పెద్దామె పరుగున వచ్చింది.

“ఏంది బిడ్డా, నీళ్లు తోడుతరా?”

“అవును పెద్దమ్మా. తోడేసి కేబుల్‌కి కందకం తవ్వుతారు.”

“వాగు మొత్తానికి విత్తనం గిదే గద. ఎండకాలం చేపలన్నీ ఈడికే వచ్చి దాక్కుంటయి. తొలివానకు పైకి పోయి గుడ్లు పెడ్తయి. అప్పుడు ఊరంతా పడ్తం. అందాక ఎవ్వరం ముట్టం. మా తాతల కాలం నుంచి గంతే.”

వెంటనే ఫోన్ తీశాను. అక్కడ సిగ్నల్ లేదు. గుట్టెక్కి, ఈ పని చేయిస్తున్న అధికారికి ఫోన్ చేశాను. “మేడమ్, ఆప్ హీ నే తో లిఖా హై” అన్నాడు, రాసింది మీరే కదా అని. కేబుల్‌ని రెండు వందల అడుగులు పక్కకు జరపమన్నాను. జరిపితే కొత్త అనుమతి కావాలట. వానలయ్యేదాకా ఆగమన్నాను. వానలొస్తే ఆ దారిలో యంత్రాలు రావట. బతిమాలాను, ఏడ్చాను, చివరికి అరిచాను. ఫోన్ పెట్టేశాడు. గుట్ట దిగేసరికి మోటార్లు నడుస్తున్నాయి.

సాయంత్రానికి బురద తేలింది. అందులో కొరమీనులు, జెల్లలు, వేలెడంత పిల్లచేపలు గిలగిల కొట్టుకుంటున్నాయి. ఊరివాళ్లంతా ఒడ్డున నిలబడి ఉన్నారు. ఇంకా వాన పడలేదు కాబట్టి ఒక్కరూ దిగలేదు, ఒక్క చేపనూ ముట్టలేదు. నేనే దిగాను. నా మీద నాకే అసహ్యం వేసింది. మోకాలి లోతు బురదలో పడుతూ లేస్తూ రెండు బకెట్ల నిండా ఏరాను.

“పెద్దమ్మా, వీటిని ఇంకో మడుగులో వదిలేద్దాం. ఎటు వెళ్లాలి?” అని అడిగాను.

ఆమె ముఖంలో కోపం కూడా లేదు.

“ఇంకోటుంటే దీన్ని గింత పానం లెక్క ఎందుకు చూసుకుంటం బిడ్డా?”

బకెట్లు పట్టుకుని అలాగే నిలబడ్డాను. చేపలు ఒక్కొక్కటిగా వెల్లకిలా తిరుగుతున్నాయి.